నంబరు లేని మైనపు బిళ్ళ

నాన్న దినకర్మలు ముగించుకుని మా ఊరు హుమ్మ నుంచి బరంపురం తిరిగొచ్చి ఇంకా వారం కాలేదు. నాకు పని నేర్పిన దండాసి మాస్టారు ఫోన్ చేశారు. "ఓలమ్మీ, ఇల్లు అమ్మేసినారు. పట్టుచీరల కొట్టెడతారట. బీరువాలు పాత సామాన్లోడికి ఇచ్చేస్తన్నారు. నీకేటైనా కావాలంటే బేగి రా" అన్నారు. ఆయన చెప్పిన ఇల్లు మా పాత ల్యాబ్. నేత వీధి వెనక ఉన్న ఆ ల్యాబ్‌లోనే నేను పని నేర్చుకున్నాను. మనిషి ఒంట్లోంచి కోసి తీసిన కండముక్కని మందులో గట్టిపరిచి, మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పల్చగా తరిగి, రంగులు అద్ది డాక్టరుగారి మైక్రోస్కోపు కింద పెట్టడం అక్కడ మా పని. ఆ ముక్కలో చెడ్డ జబ్బు ఉందా లేదా అన్నది ఆయన చూసి రాసేవారు. డాక్టరుగారు పోయి చాలాకాలమైంది. మాస్టారు మాత్రం వయసు మీదపడ్డా తాళంచెవి మొలతాడుకి కట్టుకుని ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉన్నారు.

చెక్క సొరుగులు లాగితే పాత మైనం వాసన గుప్పుమంది. కొవ్వొత్తుల వాసన కాదు, కొంచెం తియ్యగా, కొంచెం వెగటుగా ఉంటుంది. వరసగా మైనపు బిళ్ళలు, ప్రతి బిళ్ళకీ ఒక చీటీ, చీటీ మీద నంబరు. ఆ అంకెల్లో సగం నా చేతిరాతే. నాకు కావలసిన నంబరు ఏ సొరుగులో ఉంటుందో వెతుక్కోనక్కర్లేదు, కళ్ళు మూసుకుని కూడా తీయగలను. అది మా అమ్మది. తీశాను. పసుపుపచ్చగా మారిపోయింది. మధ్యలో, ముక్క నడుమ భాగం రాలిపోయిన చోట, చిన్న గుంట, చుట్టూ కాస్త అంచు. దాని పక్కనే ఇంకో బిళ్ళ ఉంది. దానికి చీటీ లేదు, నంబరూ లేదు. మా ల్యాబ్‌లో నంబరు లేని బిళ్ళ ఉండడమన్నది నేనెరగను.

"ఇదేటి మాస్టారూ?" అన్నాను.

ఆయన నా చేతిలోకి చూసి, ఎదురుగా ఉన్న బల్ల మీద దుమ్ము తువ్వాలుతో దులిపి, "కూకో. టీ తెప్పిస్తాను. తాగినాక సెప్తాను" అన్నారు. ఆ టీ వచ్చేలోగా నా మనసు హుమ్మ వెళ్ళిపోయింది.

మా నాన్న ఉప్పు వ్యాపారి. పెద్ద వ్యాపారి కాడు. సముద్రపు నీరు ఎండగట్టే మళ్ళలో తీసిన ఉప్పు కొని, బస్తాలకెత్తి, కొడల సంతకీ, బరంపురం కొట్లకీ, చేపలు ఎండబెట్టుకునే మార్కండి రేవు వాళ్ళకీ వేసేవాడు. ఎవరికి ఏ ఉప్పు కావాలో ఆయన నాలుకకే తెలుసు. రాశి దగ్గర గొంతుక్కూర్చుని ఒక రవ్వ నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఇది పచ్చడుప్పు. ఇది సేపలుప్పు. ఇది పశువులకి తప్ప పనికిరాదు" అని మూడు ముక్కల్లో తేల్చేసేవాడు. ఎదుటివాడు మోసంచేసి రెండు రాశులు కలిపినా పట్టేసేవాడు. ఆయన చొక్కా జేబుల్లో ఎప్పుడూ నాలుగు రవ్వలుండేవి. అమ్మ బట్టలుతుకుతూ జేబు తిరగేసి, "ఈ మనిషికి మరో సరుకు దొరకనేదు. నన్ను పెళ్ళాడి తెచ్చినప్పుడూ నోట్లో ఏసుకుని సూసే తెచ్చుంటాడు" అనేది. నాన్న అరుగు మీంచి, "సూసినాను. గల్లుప్పే. కరిగీ రకం కాదు" అనేవాడు. ఉప్పు తగిలింది పాడవదన్నది ఆయనకి నమ్మకం కాదు, కళ్ళతో చూసిన సంగతి. మార్కండి ఒడ్డున కుళ్ళిపోవలసిన చేప, ఆయన ఉప్పు పడి వానాకాలమంతా నిలవుండేది. అమ్మ జాడీల్లో మామిడిముక్క ఏడాది గట్టిగా ఉండేది.

మా ఇంట్లో ఉప్పు చేతిలోంచి చేతిలోకి ఇచ్చేవాళ్ళు కాదు. గిన్నె కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. విస్తట్లో మొదట పడేది ఉప్పు. అమ్మ వండుతూ రుచి చూసేది కాదు, గుప్పిట్లో బరువుతోనే తెలుసుకునేది. నేనేమో చిన్నప్పట్నుంచీ కొలతల పిచ్చిదాన్ని. అమ్మ పిడికెడు ఉప్పు వేయబోతుంటే ఆపి, నాన్న చిన్న తక్కెడలో తూచి, మళ్ళీ వేయమనేదాన్ని. ప్రతిసారీ ఒక్క బరువే తూగేది. "బరువు తూసినావు కదా, మరి రుసి తూసీ తక్కెడ తే" అని నవ్వేది అమ్మ.

నా చదువు మధ్యలో ఆగిపోయింది. బరంపురంలో పెద్దమ్మ ఇంట్లో ఉండి ల్యాబ్‌లో సీసాలు కడిగే పనికి కుదిరాను. లెక్కలు ఎవరూ నేర్పలేదు. తొంభై అయిదు పాళ్ళ స్పిరిట్ నుంచి డెబ్భై పాళ్ళది కావాలంటే, డెబ్భై కొలతలు తీసుకుని తొంభై అయిదో గీత దాకా నీళ్ళు పోస్తే చాలని నాకు నేనే కనిపెట్టి ఎగిరి గంతేశాను. దండాసి మాస్టారు, "ఇది లోకానికంతటికీ తెలుసులే అమ్మీ. అయినా నువ్వు కనిపెట్టినావు కాబట్టి ఈవేళ టీ నాది" అన్నారు. ఆదివారాలు హుమ్మ వెళితే అమ్మ గుమ్మంలోనే ఆపేది. "ఏటే ఈ కంపు? బతికున్నోళ్ళ కాడ పని సేస్తన్నావా, సచ్చినోళ్ళ కాడా?" అని, నా బట్టలు వేరే తీసి కుంకుడురసంలో నానబెట్టేది. ముక్కల్ని గట్టిపరిచే మందు ఘాటు నిజంగా అంతే ఉండేది. కళ్ళలోంచి నీళ్ళు కారేవి.

ఆ ల్యాబ్‌లో రోజుకో చిక్కు. మాది సముద్రపు గాలి. ముక్కలోని నీరంతా లాగేయవలసిన స్పిరిట్టే గాలిలోని చెమ్మ తాగేసేది. అప్పుడు తర్వాతి జాడీ పాలలా తెల్లబారేది, ముక్కలోకి మైనం ఎక్కేది కాదు. దానికి మాస్టారు మైలుతుత్తం మూకుట్లో తెల్లగా వేయించి చివరి స్పిరిట్ జాడీ అడుగున పోసేవారు. అది మళ్ళీ నీలంగా తిరిగిందంటే స్పిరిట్‌లో నీరు చేరిందని గుర్తు. తరిగిన పొర గాజుపలక మీంచి జారిపోకుండా గుడ్డుతెల్లసొన జిగురు చేసి, అది కుళ్ళకుండా కాస్త వాముపువ్వు వేసేవాళ్ళం. ఒక ఎండాకాలమంతా రంగు నీలంగా తిరగక ఎర్రగానే ఉండిపోయింది. కుళాయి నీటిలో తేడా అని తేలింది. మా గోడ అవతల పట్టుకి అద్దకం వేసేవాళ్ళకీ అదే గోల. వాళ్ళు ఏ నూతి నీళ్ళు రంగుకి పడతాయో తేల్చుకుంటే, మేమూ రెండు బిందెలు వాళ్ళ నూతి నీళ్ళే తెచ్చుకునేవాళ్ళం. ఏ చిక్కొచ్చినా మాస్టారిది ఒకటే పద్ధతి. వెనక్కి నడవాలి. రంగు పడలేదంటే నీళ్ళు చూడు, నీళ్ళు మంచివైతే మైనం చూడు, మైనం మంచిదైతే స్పిరిట్ చూడు, అదీ మంచిదైతే ముక్క మందులో వేసి తెచ్చిన మొదటి సీసా చూడు. "మొదటి సీసా తప్పితే మాత్రం మన సేతిలో ఏటీ నేదు" అనేవారు.

ఆ మొదటి సీసా ఒకరోజు మా నాన్న చేతుల్లో వచ్చింది.

అమ్మ రొమ్ములో గడ్డ ఉన్నట్టు తను ఎవరికీ చెప్పలేదు. జాడీ ఎత్తుతుంటే చెయ్యి లేవకపోవడం వదిన చూసి అడిగితే బయటపడింది. కొడలలో ఒక చిన్న నర్సింగ్ హోములో ముక్క కోసి, మందు సీసాలో వేసి, బరంపురంలో చూపించమన్నారు. అది శనివారం. అమ్మని అక్కడే ఉంచి నాన్న సీసా పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆదివారం ల్యాబ్ మూత. సోమవారం పొద్దున్నే, ఉతికిన పంచె కట్టుకుని, సీసాని తువ్వాల్లో చుట్టి పసిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని మా మెట్లెక్కాడు. నేను మూత తీశాను. కళ్ళు మండలేదు. రోజూ ఏడిపించే ఆ ఘాటు లేదు. మూత మరల్లో తెల్లగా రవ్వలు కట్టి ఉన్నాయి. ఆ రవ్వ ఎలా ఉంటుందో నాకు తెలుసు. దాన్ని తూచుకుంటూ పెరిగాను.

"నానా, దీన్లో మందు ఒలికిపోనాదేటి?" అన్నాను మెల్లగా.

అప్పుడే డాక్టరుగారు లోపల్నుంచి వచ్చారు. ఆయన ఒడియా మనిషి, తెలుగు కూడబలుక్కుని మాట్లాడేవారు. "దారిలో ఏమైనా అయిందా?" అని అడిగారు. నాన్న చేతులు కట్టుకుని, ఒడియావాళ్ళు 'అయ్యా' అనే మాటతో, "నేదు ఆజ్ఞా. ఎలగిచ్చినారో అలగే తెచ్చినాను" అన్నాడు. మాస్టారు సీసా నా చేతిలోంచి తీసుకుని మూత వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. దూదితో ఆ తెల్లటి రవ్వలు తుడిచేశారు.

ఆ ముక్క కోసం మేం చేయనిది లేదు. కొత్త మందులో వేసి రెండింతల సమయం ఉంచాం. కోసి చూస్తే అంచు బిరుసెక్కి, నడుమ చీకిపోయి ఉంది. స్పిరిట్లన్నీ కొత్తవి కలిపాను, తుత్తం కొత్తగా వేయించాను. మైనంలో పోసి తరుగుతుంటే నడుమ భాగం రాలి పడింది. మైనం కరిగించి, అన్ని జాడీల్లోనూ వెనక్కి నడిపించి, మళ్ళీ ముందుకి తెచ్చాం. మళ్ళీ రాలింది. అంటుకున్నంత పొరకి రంగు ఎక్కువసేపు పెట్టి చూశాను, తక్కువ కడిగి చూశాను, అద్దకంవాళ్ళ నూతి నీళ్ళలో ముంచి చూశాను. అంచుల్లో కణాలు ముడుచుకుపోయి నల్లటి మచ్చల్లా ఉన్నాయి. లోపల, జబ్బు ఉంటే ఉండవలసిన చోట, వానకి తడిసిన ముగ్గులా తెల్లటి చార. అది మా అమ్మ ఒళ్ళు. నేను దాని మీద నీళ్ళు మార్చుతున్నాను, మార్చుతున్నాను. చివరికి మాస్టారు నా చేతిలోంచి పలక తీసుకుని, "సాలమ్మీ. రంగు తప్పు కాదిది" అన్నారు. డాక్టరుగారు చాలాసేపు చూసి, కళ్ళజోడు తీసి, "ఉంది అనలేను, లేదు అనలేను. మళ్ళీ ముక్క కావాలి" అన్నారు.

ఆ మాట పట్టుకుని, అన్నాళ్ళూ పెద్దమ్మ ఇంట్లో ఎదురుచూసిన నాన్నా నేనూ హుమ్మ వెళ్ళాం. అమ్మ ఇంటికి వచ్చేసింది, కట్టుతోనే పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. సీసాలో ఉప్పు పడిందన్న మాట ఇంటికెళ్ళాక చెబుదామని నేను అనుకున్నాను. అమ్మ అడగ్గానే నాన్నే ముందు, "ఆళ్ళ మందుల్లో ఏదో తేడా వొచ్చినాదట. ముక్క పాడైపోనాదట" అన్నాడు. ఆయన మొహం చూశాను. అబద్ధమాడుతున్న మొహం కాదది. తన ఉప్పులో ఏదైనా పాడవుతుందన్న ఊహే ఆయనకి లేదు. అమ్మ నా వైపు తిరిగి, "ఓలే, నీ సేతి రంగే పడనేదేటి? జాడీ జాడీకీ తూకాలేసీదానివి!" అంది, వేళాకోళంగానే.

"అవునమ్మా, రంగు సరిగ్గా పడనేదు" అన్నాను.

మళ్ళీ కోయించుకోమంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఒకపాలి కోసిన కాడే ఇంకా మాననేదు. మళ్ళీ మీరు పాడు సేస్తే మూడోపాలి కోస్తారేటి? పచ్చళ్ళయినాక సూద్దుం" అంది. పచ్చళ్ళయ్యాక వానలన్నది. వానలయ్యాక కోతలన్నది. నేను ప్రతి ఆదివారమూ బతిమాలేదాన్ని, నాన్న పంచె కొంగు నలుపుకుంటూ వినేవాడు. పెద్దాసుపత్రికి తీసుకొచ్చేసరికి ముక్క కోసి చూడవలసిన అవసరమే లేకపోయింది. వేలితో తాకితేనే తెలిసిపోయింది. మళ్ళలో తిరిగి ఉప్పు తీసే కాలానికి అమ్మ లేదు. నిజం చెప్పి ఉంటే, మా సీసాల మీద నమ్మకంతో రెండోసారి ఒప్పుకునేదేమో. చెప్పినా ఒప్పుకునేది కాదేమో. నా బతుకంతా అంకెలతో గడిచింది కాని, ఈ ఒక్కటి ఇటు నుంచి వేసినా అటు నుంచి వేసినా నాకు తేలలేదు.

ఆ తర్వాత నాన్న ఉప్పు వ్యాపారం అన్నయ్యకి వదిలేశాడు. ఉప్పు తినడమూ మానేశాడు. "బీపీ అమ్మా. డాక్టరు ఒద్దన్నాడు" అన్నాడు. ఏ డాక్టరో చెప్పేవాడు కాదు. వదిన ఆయన ఒక్కడికీ వేరే గిన్నెలో చప్పిడిగా వండేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూసేదాన్ని. ఎప్పుడు చూసినా కుర్రాడికి ఉన్నట్టు ఉండేది. "నానా, నీకు బీపీ నేదు. కాస్త ఉప్పు తిను" అంటే, "ఉప్పు తినకపోబట్టే కదమ్మా తగ్గినాది? ఉండనీ" అనేవాడు. పట్టీ విప్పి సంచీలో పెట్టుకునేదాన్ని. చప్పిడి పులుసులో అన్నం కలుపుకుని, మొహంలో ఏమీ కనబడనీయకుండా, ఆఖరి ముద్ద దాకా తినేవాడు. రవ్వ నాలిక మీద వేసుకుని రకం చెప్పగలిగిన మనిషి. ఆఖరి జబ్బులో కూడా పథ్యం గంజిలో వదిన పొరపాటున ఉప్పు వేస్తే, పెదవి తగలగానే గ్లాసు పక్కన పెట్టేశాడు.

టీ వచ్చింది. మాస్టారు సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టారు.

"మీ అమ్మ పోయినాక నువ్వు పరీక్షకని కటక్ ఎల్లినావు, గురుతుందా? అప్పుడు మీ నాన వొచ్చినాడు. సంచీలో ఒక సీసా. మేకమాంసం ముక్క, ఉప్పునీళ్ళూను. 'మా మడి ఉప్పే బాబూ. ఆ సీసా ఎంతసేపున్నాదో అంతసేపే ఉంచినాను. దీన్ని కూడా ఆ ముక్కకి సేసినట్టే సెయ్యండి' అన్నాడు. ఏటికయ్యా అంటే, 'సూడాల' అన్నాడు."

నేను గ్లాసు బల్ల మీద పెట్టి ఆయన వైపు జరిగాను.

"అప్పుడే సెప్పినాడు. కొడల బస్సులో సీసా పక్కకి ఒరిగి మందంతా కారిపోనాదట. కంపని బస్సంతా తిట్టినారట. ఇంటికొచ్చి సూస్తే ముక్క ఎండిపోతా ఉన్నాదట. ఇంట్లో ఉన్న అన్నిటికన్నా మంచి ఉప్పు, పచ్చళ్ళకి దాసిన ఉప్పు, కలిపి పోసినాడట. డాక్టరుబాబు ముందర బస్సులో పారబోసినానని సెప్పడానికి సిగ్గేసినాదన్నాడు. సరే, నేను ఇంకో మాంసం ముక్క మన మందులో ఏసినాను, రెండూ ఒక్కలాగే నడిపించినాను. మీ నానని పిలిచినాను. ఏది ఏదో సెప్పకుండా సూపించమన్నాడు. మైక్రోస్కోపులో సూడ్డం రాక, ముందు రెండు కళ్ళూ మూసేసుకున్నాడు పాపం. సూపించినాను. సూసినాడు. పాడైనదాన్ని 'ఇదే నాది' అని పట్టేసినాడమ్మీ. తడుముకోనేదు."

"మీరేమన్నారు?"

"నేనేటంటాను? మా మందులోనూ తేడాలుంటాయి బాబూ అన్నాను. 'ఒద్దు, ఉప్పు సంగతి నాకు సెప్పకండి' అన్నాడు. తరవాత, 'మా పిల్లకి తెలుసు కాదేటి?' అన్నాడు. తెలుసన్నాను. 'తెలిసీ తనమీదే ఏసుకున్నాది. నాకు తెలిసినట్టు దానికి సెప్పకండి. సెప్తే అది దాసిందంతా దండగైపోతాది' అన్నాడు. ఆ బిళ్ళ పారెయ్యబోతే, 'ఆవిడ పక్కన ఉంచండి' అన్నాడు. మేకమాంసానికి నంబరెలాగ ఎయ్యను? అలగే ఉంచేసినాను. మీ నానకిచ్చిన మాట. ఆయన పోనాడు, నేనూ రేపో మాపో. ఇంక ఎవరికి సెప్పను?"

రెండు బిళ్ళలూ రుమాల్లో చుట్టుకుని వచ్చేశాను. ఇప్పుడు నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్‌లో మూత ఒరిగినా కారని సీసాలున్నాయి. ప్రతి సీసా మీద గీతల చీటీ అంటించి ఉంటుంది. జాడీ నుంచి జాడీకి యంత్రమే నడిపిస్తుంది. స్పిరిట్‌లో నీరు చేరితే తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి, తుత్తం వేయించేవాళ్ళు లేరు. ముక్క తెచ్చేవాళ్ళతో, దారిలో మందు ఒలికితే ఏమీ పోయకుండా అలాగే తెచ్చేయండి, మేం తిట్టం అని చెప్పమని నేర్పడం ఒక్కటే నేను కలిపింది. కొత్తగా చేరిన పిల్లలు, ఇంత చిన్న మాటకి ఈవిడ పట్టుదలేమిటని నవ్వుకుంటారు.

భోజనాల వేళ అందరూ వెళ్ళాక రెండు బిళ్ళలనీ తరిగాను. ఒకే గాజుపలక మీద పక్కపక్కనే ఎత్తి రంగు వేశాను. ఇప్పటి రంగు ఎంత మంచిదైనా పోయింది తిరిగి రాదని తెలుసు. రాలేదు. అదే బిరుసు అంచు, అదే ముడత, నడుమ అదే తెల్లటి చార. ఎడమవైపు అమ్మ, కుడివైపు నాన్న తెచ్చిన ముక్క. చీటీ లేకుండా చూపిస్తే నేను పోల్చుకోలేకపోదును. ఆయన మాత్రం తన ఉప్పు చేసిన పాడుని పోల్చుకున్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నా ఎదురుగా కూర్చుని, చప్పిడి ముద్ద మింగుతూ, నా చేత బీపీ చూపించుకున్నాడు. నేను పట్టీ బిగించి ఆ అంకె పైకి చదివినప్పుడల్లా ఏ తప్పూ లేదన్నట్టు తల ఊపేవాడు.

సాయంత్రం హుమ్మ నుంచి వదిన ఫోన్ చేసింది. వచ్చే వారం నాన్న నెల మాసికం. దినాల్లో అంతా ఆయనకి అలవాటని చప్పిడిగానే వండి పెట్టింది.

"పులుసూ, రెండు కూరలూ అనుకుంటన్నానమ్మీ. మావకి మామూలుగానే, ఉప్పు నేకండా సేసెయ్యనా?" అంది.

రుమాల్లోని రెండు బిళ్ళలనీ విప్పి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. "ఉన్నావా?" అంటోంది అవతల నుంచి.

"ఉన్నాను. ఉప్పెయ్యి వదినా" అన్నాను. "పచ్చళ్ళ ఉప్పే తీసి, సరిపడా ఎయ్యి."